సోనాపూర్ మొగ దాటి, వెలిగే నీటి మీద రెండు గంటలు

బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్ళే జాతీయ రహదారిని వదిలి సముద్రం వైపు తిరిగితే, బాహుదా నది బంగాళాఖాతంలో కలిసే మొగ దగ్గర సోనాపూర్ ఉంది. గంజాం జిల్లాకు అది దాదాపు చివరి తీరం. దాని తరువాత కొద్ది దూరంలోనే శ్రీకాకుళం జిల్లా మొదలవుతుంది. అక్కడి తెలుగు మత్స్యకార కుటుంబం ఒకటి అమావాస్య రోజుల్లో తమ ఫైబర్ తెప్ప మీద ఆరుగురిని చొప్పున రాత్రిపూట మొగ దాటించి, సముద్రంలో వెలుగు చిమ్మే జీవులను చూపించి తీసుకొస్తోంది. వారికి కార్యాలయం గాని, బోర్డు గాని లేవు. రేవులో ఎవరిని అడిగినా వారి ఇల్లు చూపిస్తారు. బరంపురంలో తెలుగు మాధ్యమం పిల్లలకు సామాన్య శాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిగా, పదకొండేళ్ళ కూతురితో, అరవై ఎనిమిదేళ్ళ అత్తగారితో కలిసి ఆ తెప్ప ఎక్కి వచ్చిన మనిషిగా, ఆ ప్రయాణంలో ఏది బాగుందో, ఏది సరిదిద్దుకోవాలో వివరంగా రాస్తున్నాను. ముందే చెప్పవలసిన మాట ఒకటుంది: ఇది తప్పకుండా వెళ్ళదగిన ప్రయాణం, కాని తగిన రాత్రి చూసుకుని మాత్రమే వెళ్ళాలి.

తగిన రాత్రి అంటే ఏమిటో నాకు నష్టపోయాకే తెలిసింది. కిందటి సంవత్సరం గోపాలపూర్ తీరంలో ఇలాంటి ప్రయాణమే చేయిస్తామని మరొకరు చెబితే నలుగురికి డబ్బు కట్టాము. వారు ఇచ్చిన తేదీ పున్నమికి రెండు రోజుల ముందుది. వెన్నెల పగటిలా కాస్తోంది, ఒడ్డున విద్యుద్దీపాలు వరుసగా వెలుగుతున్నాయి, దీపస్తంభం కాంతి మా తలల మీదుగా తిరుగుతోంది. గంటన్నర సేపు సముద్రం మీద ఊగి, ఒక్క మెరుపైనా చూడకుండా తిరిగి వచ్చాము. ప్రకృతి మన చేతిలో లేదని వారు సమాధానం చెప్పారు. ప్రకృతి మన చేతిలో లేని మాట నిజమే, కాని పంచాంగం మాత్రం అందరి చేతిలోనూ ఉంటుంది. ఈ జీవుల వెలుగు ఎంత బలహీనమైనదంటే నిండు వెన్నెలలో అది ఉన్నా కంటికి ఆనదు. ఆ సంగతి చెప్పకుండా డబ్బు తీసుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

అందువల్ల సోనాపూర్ వారికి ఫోను చేసినప్పుడు నేను అనుమానంతోనే మాట్లాడాను. మా బడి సెలవులను బట్టి రెండు తేదీలు చెప్పాను. ఆ ఇంటి పెద్దాయన రెండింటినీ ఒప్పుకోలేదు. "అమాసకి ముందు మూడ్రోజులు, ఎనక మూడ్రోజులు. అంతేనమ్మా, మిగతా రోజుల్లో మేం ఎవల్నీ ఎక్కించం" అన్నాడు. డబ్బు ఇస్తామన్నవాళ్ళను రావద్దని చెప్పగలిగిన ఆ మాట వినగానే నాకు సగం నమ్మకం కుదిరింది. చివరకు పుష్య మాసపు అమావాస్య, అంటే మన వైపు చొల్లంగి అమావాస్య అని చెప్పుకునే రోజు ఖాయమయింది. బయలుదేరే వేళను కూడా ఆయన తన వీలును బట్టి కాక పోటును బట్టి నిర్ణయించాడు. నది మొగలో ఇసుక మేట ఉంటుంది. నీరు తక్కువగా ఉన్నప్పుడు దాని మీద కెరటం విరిగి తెప్పను తిప్పేస్తుంది. అందుకని పోటు ఎక్కుతుండగా ఏడున్నరకు బయటికి వెళ్ళి, నిండు పోటు మీద తొమ్మిదిన్నర ప్రాంతంలో తిరిగి లోపలికి రావాలన్నది ఆయన లెక్క. అమావాస్యనాడు సూర్యచంద్రులిద్దరి ఆకర్షణ ఒకే వరుసలో పని చేయడం వల్ల పోటు మామూలు కంటే ఎక్కువ ఎత్తుకు వస్తుందని నేను తరగతిలో ఏటా చెబుతూనే ఉంటాను. ఆ లెక్క మీద ఒక తెప్ప ఇసుక మేట దాటడం మాత్రం అదే మొదటిసారి చూశాను.

రేవుకు చేరేసరికి చీకటి పడింది. మాతో పాటు ఒడియా మాట్లాడే యువ దంపతులు ఇద్దరు, ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. పెద్దాయన, ఆయన కొడుకు, మేనల్లుడు తెప్పను నడిపేవాళ్ళు. ఎక్కే ముందు ప్రతి ఒక్కరికీ ప్రాణరక్షక కోటు తొడిగి, బకిల్స్ తామే లాగి చూసి, ఆ తరువాతే నీళ్ళలోకి దింపారు. మా అత్తగారి కోసం చెక్క పీట ఒకటి తెచ్చి నీళ్ళలో వేశారు. కొడుకు ఒక చేయి, మేనల్లుడు ఒక చేయి పట్టుకుని ఆమెను ఎక్కించిన తీరు చూస్తే పెద్దవాళ్ళను తీసుకెళ్ళడం వారికి కొత్త కాదని తెలిసింది. ఈ జాగ్రత్తలో ఒకే ఒక్క లోటు కనిపించింది, అది చిన్నది కాదు. పిల్లల కొలతకు సరిపోయే కోటు వారి దగ్గర లేదు. పెద్దవాళ్ళ కోటునే మా అమ్మాయికి తొడిగి, వదులు లేకుండా నడుము చుట్టూ తాడు బిగించారు. నీళ్ళలో పడితే కోటు పైకి తేలి పిల్ల కిందికి జారిపోయే ప్రమాదం ఉందని నేను చెప్పినప్పుడు వారు వాదించలేదు. ప్రయాణమంతా మేనల్లుడు పిల్ల పక్కనే కూర్చున్నాడు. అయినా, పిల్లలకు టిక్కెట్టు తీసుకుంటున్నప్పుడు పిల్లల కోటు ఉండి తీరాలి. ఈ విషయంలో నేను ఏమాత్రం రాజీ పడలేను.

తెప్ప కదిలాక మొదటి ఇరవై నిమిషాలలో చూడవలసింది ఏమీ లేదు, ఆ ఇరవై నిమిషాలే ఈ ప్రయాణానికి పునాది. మొగకు ఇవతల, నది నీరు నిశ్చలంగా ఉన్న చోట లంగరు వేసి, ఫోనులన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించి మూత వేశారు. దారి చూసుకోవడానికి వారి దగ్గర ఉన్న టార్చికి ఎర్రని కాగితం చుట్టి ఉంది. ఎందుకలా చుట్టారని అడిగితే, తెల్ల లైటు వేస్తే మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాలని కొడుకు చెప్పాడు. ఆయన అనుభవంతో చెప్పినదానికి కారణం మన కంటిలో ఉంది. మసక వెలుతురులో చూడడానికి ఉపయోగపడే దండ కణాలు పూర్తిగా పదునెక్కడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్లని కాంతి ఒక్క క్షణం తగిలినా ఆ పదును పోతుంది. ఎర్రని కాంతి ఆ కణాలను పెద్దగా కదిలించదు. మా కళ్ళు సిద్ధమయ్యాయో లేదో తెలుసుకోవడానికి పెద్దాయన పెట్టిన పరీక్ష నాకు ఎంతో నచ్చింది. పైకి చూపించి పిల్లలకోడిలో, అంటే కృత్తికల గుంపులో, ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టమన్నాడు. మొదట మా అమ్మాయికి నాలుగే కనిపించాయి. మూడు చుక్కల వరుసైన గొల్లకావడి ఎక్కడో, దాని నుంచి దారి పట్టుకుని పిల్లలకోడి దాకా ఎలా వెళ్ళాలో మా అత్తగారు దానికి చూపిస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి ఆరు, ఆ తరువాత అటూ ఇటూగా ఏడు అని పిల్ల చెప్పింది. అప్పుడు లంగరు ఎత్తారు.

మొగ దాటేటప్పుడు మూడు నాలుగు కెరటాలు తెప్పను గట్టిగానే ఎత్తి వేశాయి. నడుము నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఆ తరువాత సముద్రం మెత్తగా ఉంది. ఒడ్డు ఒక నల్లని గీతగా మిగిలిన చోట పెద్దాయన ఇంజిను ఆపాడు. "ఇంకేటీ మాటాడకండి. నీట్లో సెయ్యెట్టండమ్మా" అన్నాడు.

నేను చేయి పెట్టాను. వేళ్ళ చుట్టూ నీలి తెలుపు రవ్వలు లేచాయి. చేయి కదిలినంత సేపూ లేస్తూ, ఆగగానే ఆరిపోతూ ఉన్నాయి. అరచేతిని బయటికి తీసి ఒంపితే నీరు మణికట్టు దాకా జారుతూ, జారిన దారిలో రెండు మూడు చుక్కలను అంటించి వెళ్ళింది. వాటిలో ఒకటి నా గాజు అంచున నిలిచి, నేను గాజును గోటితో మీటినప్పుడు మరోసారి వెలిగింది. తెడ్డు వేసినప్పుడల్లా నీటిలో ఒక సుడి వెలిగి, ఆ సుడి తిరుగుతూనే చల్లారేది. తెడ్డు పైకి లేచాక దాని కొన నుంచి రాలే ప్రతి బొట్టూ నీటిని తాకిన చోట చిన్న వలయం గీసేది. మా అమ్మాయి మొదట చేయి పెట్టడానికి భయపడింది, కాలుతుందేమో అని. కాలదని నేను చెప్పేలోపే మేనల్లుడు తన చేతిని మోచేతి దాకా ముంచి చూపించాడు. చేయి మొత్తం వెలుగు తొడుక్కున్నట్టుంది. ఆ వెలుగులో వేడి దాదాపు లేదు. మన బల్బు కరెంటులో చాలా భాగాన్ని వేడిగా పోగొట్టుకుంటుంది. ఈ జీవుల దీపం ఆ పని చేయదు.

ఇవి ఏ జీవులో నేను ఊహించి రాయడం లేదు. పెద్దాయన అనుమతితో ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని వచ్చి, మర్నాడు బడిలో సూక్ష్మదర్శిని కింద పెట్టాను. సీసాను ఒకచోట కదపకుండా ఉంచితే ఆ జీవులన్నీ పైకి తేలి, గసగసాల గింజల కంటే చిన్న పరిమాణంలో తెట్టులా చేరాయి. అద్దంలో చూస్తే ఒక్కొక్కటి పారదర్శకమైన బుడగ, దానికి ఒకవైపు నొక్కు, ఆ నొక్కు దగ్గర నుంచి వేలాడే ఒకే ఒక్క తోక వంటి స్పర్శాంగం. అది నాక్టిల్యూకా సింటిలాన్స్. లాటిన్‌లో నాక్టిల్యూకా అంటే రాత్రి వెలిగేది అని అర్థం. ఒకే కణం గల ఈ జీవి పరిమాణం మిల్లీమీటరులో ఐదో వంతు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తన ఆహారాన్ని తాను తయారు చేసుకోలేదు. డయాటమ్‌లను, ఇతర సూక్ష్మజీవులను, చేప గుడ్లను కూడా మింగి బతుకుతుంది. కణం లోపలి ద్రవంలో అమ్మోనియం ఎక్కువగా ఉండడం వల్ల సముద్రపు నీటి కంటే తేలికై పైకి తేలుతుంది. సీసాలో తెట్టు కట్టడానికి అదే కారణం. అరేబియా సముద్రంలో చలికాలంలో విస్తరించే రకంలో ఆకుపచ్చని సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. మా సీసాలోని వాటిలో ఆ పచ్చదనం కనిపించలేదు.

తాకితే ఎందుకు వెలుగుతుందన్న ప్రశ్నకు తెప్ప మీద దొరికిన సమాధానం సరైనది కాదు. కొడుకు మంచి ఉద్దేశంతోనే, ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి, నీటిలో భాస్వరం (ఫాస్ఫరస్) ఉంది కాబట్టి మెరుస్తోందని అందరికీ చెప్పాడు. ఈ పొరపాటు ఆయన ఒక్కడిది కాదు; పాత పుస్తకాలలో ఈ వెలుగును ఫాస్ఫోరెసెన్స్ అని రాయడం వల్ల అది ఊరూరా పాకింది. ఇక్కడ భాస్వరం మండడం లేదు. జీవి ఒంటిలో లూసిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. లూసిఫెరేస్ అనే ఎంజైము సాయంతో అది ఆక్సిజన్‌తో కలిసినప్పుడు కాంతి పుడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన రఫేల్ డుబోయ్ 1880 దశకంలో ఈ రెండింటినీ వేరు చేసి చూపించి, ఆ పేర్లు పెట్టాడు. నాక్టిల్యూకా విషయంలో, నీరు కదిలి కణపు పొర మీద ఒత్తిడి పడగానే ఒక విద్యుత్ సంకేతం పుట్టి, వెలుగునిచ్చే చిన్న సంచులలోకి ఆమ్లత్వాన్ని పంపుతుంది. ఆ ఆమ్లత్వమే చర్యను మొదలుపెట్టి, సెకనులో పదో వంతు సేపు ఒక నీలి మెరుపును ఇస్తుంది. తనను తినడానికి వచ్చిన చిన్న రొయ్యజాతి జీవిని ఆ మెరుపు బెదరగొడుతుంది. అంతే కాక, ఆ తినేవాడు ఎక్కడున్నాడో వాడిని తినే చేపకు చూపిస్తుంది. దొంగ ఇంట్లో దూరితే ఇంటివాళ్ళు దీపం వేసి కేకలు పెట్టినట్టే. ఇదంతా కొడుక్కి వివరించాను. ఆయన శ్రద్ధగా విని, రెండుసార్లు అడిగి తెలుసుకుని, తిరుగు ప్రయాణంలో ఒడియా దంపతులకు తానే సరిగ్గా చెప్పాడు. నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు నడిపే ప్రయాణం కాబట్టి ఈ లోపం త్వరలోనే పోతుంది.

నీరు వెలుగుతున్న రాత్రి వేటకు వెళితే చేపలు వలను చూసి తప్పుకుంటాయని పెద్దాయన అన్నాడు. ఆ మాట ఎంత నిజమో కళ్ళారా చూశాము. తెప్ప కిందుగా ఒక కవ్వళ్ళ గుంపు వెళ్ళింది. చేపలు కనిపించలేదు, వాటి దారులు కనిపించాయి. ముందు ఒక మసక మబ్బులాగా వచ్చి, తెప్ప నీడను పసిగట్టి ఒక్కసారిగా విడిపోయినప్పుడు, నేల మీద పడి పగిలిన చిచ్చుబుడ్డిలాగా వందల గీతలు నలువైపులా పరుగెత్తాయి. మా అమ్మాయి అరవబోయి, మాట్లాడవద్దన్నది గుర్తొచ్చి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ ఒక్క దృశ్యానికి మేము ఇచ్చిన డబ్బంతా చెల్లిపోయిందని నా అభిప్రాయం.

తరువాత వారు ఒక నల్లని బకెట్టును నీటిలో ముంచి తీసి మధ్యలో పెట్టారు. అందులో నాక్టిల్యూకా రవ్వలతో పాటు అరచేతిలో సగం పొడవున్న మెత్తని సంచి ఒకటి ఉంది. నీటిని మెల్లగా తిప్పితే దాని ఒంటి మీద నిలువుగా ఎనిమిది గీతలు ఒకదాని తరువాత ఒకటి వెలిగాయి. జెల్లీచేప అని అందరూ వెనక్కి జరిగారు కాని, అది దువ్వెన జెల్లీ. జెల్లీచేపలకు ఉన్న కుట్టే కణాలు దానికి లేవు. ఒంటి మీద దువ్వెన పళ్ళలాంటి సన్నని వెంట్రుకల వరుసలు ఎనిమిది ఉంటాయి, వాటిని అల్లాడిస్తూ ఈదుతుంది. పగటిపూట ఆ వరుసల మీద కనిపించే ఇంద్రధనుస్సు రంగులు సూర్యకాంతి చెదరడం వల్ల వచ్చేవి; చీకట్లో మేము చూసిన నీలి గీతలు మాత్రం దాని సొంత వెలుగు. ఆకారాన్ని బట్టి అది బెరోయి జాతిదని నాకు అనిపించింది. దానిని ఇంకాస్త దగ్గరగా చూద్దామని అందరూ వంగుతుండగా, బ్యాంకు ఉద్యోగి తన జేబులో దాచుకున్న రెండో ఫోను తీసి లైటు వేశాడు. తెల్లని కాంతి నేరుగా బకెట్టులో పడింది. లైటు ఆర్పాక మా కళ్ళు కాసేపు ఏమీ చూడలేకపోయాయి. ఆ తరువాత ఎన్నిసార్లు నీటిని తిప్పినా ఆ జీవి మళ్ళీ వెలగలేదు. దువ్వెన జెల్లీలలో కాంతినిచ్చే ప్రోటీను వెలుతురు సోకితే పనికిరాకుండా పోతుంది. తిరిగి చీకట్లో చాలాసేపు ఉంటే గాని అది కోలుకోదు. ఆయన కావాలని చేసిన పని కాదు, ఎంతో నొచ్చుకున్నాడు. అయినా నిర్వాహకులకు నా సూచన ఒకటే: ఫోనులు డబ్బాలో పెట్టమని అడిగితే చాలదు, ఒక్క లైటు వల్ల ఏమి పోతుందో ముందుగానే వివరించాలి. కారణం తెలిసినవాళ్ళు లైటు వేయరు. బకెట్టును ఎక్కువసేపు ఉంచకుండా, అందులోని జీవులను వంపుగా, నెమ్మదిగా నీటిలోకి వదిలిన పద్ధతి మాత్రం మెచ్చుకోదగినది.

మా అత్తగారు చాలాసేపు మౌనంగా ఉండి, "పాలసముద్రం అంటే ఇదేనేమోనే" అన్నారు. మేము చూసినది అది కాదు కాని, పాలసముద్రం అన్న మాటకు తగిన దృశ్యం మన భూమి మీద నిజంగానే ఉంది. కొన్ని అరుదైన వేళల్లో వెలిగే బ్యాక్టీరియా కోట్లకు కోట్లు చేరి, కదలికతో పని లేకుండా, రాత్రంతా నిలకడగా నీటిని తెల్లగా వెలిగిస్తుంది. 1995 జనవరిలో సోమాలియా తీరానికి దూరంగా ప్రయాణిస్తున్న లిమా అనే బ్రిటిష్ నౌక అలాంటి నీటిలో గంటల తరబడి వెళ్ళినట్టు నమోదు చేసింది. పదేళ్ళ తరువాత, 2005లో, శాస్త్రజ్ఞులు ఆనాటి ఉపగ్రహ చిత్రాలను వెతికి, 15,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న ఆ తెల్లదనాన్ని గుర్తించారు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ ఆశ్చర్యపోలేదు. పెద్దలు చూడకుండా చెబుతారా అన్నారు. నేను మారు మాట్లాడలేదు.

ప్రచార చిత్రాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నిరాశ అక్కడే పుడుతుంది. ఈ కుటుంబం ఫోనులో పంపే ఫోటోలో కెరటం మొత్తం నీలి రంగు ట్యూబులైటులా వెలుగుతూ ఉంటుంది. అది ఈ తీరంలో తీసినది కాదని, ఎవరో పంపితే వాడుకుంటున్నామని వారే ఒప్పుకున్నారు. కెమెరా తన కన్నును అనేక సెకన్ల పాటు తెరిచి ఉంచి, ఆ సమయంలో పడిన మెరుపులన్నింటినీ ఒకే చిత్రంగా కూడుతుంది. మన కన్ను అలా కూడదు. పైగా మసకలో చూసే దండ కణాలకు రంగులు తెలియవు. అందువల్ల మనకు కనిపించేది చాలావరకు వెన్నెల రంగుకు కాస్త నీలం కలిసినట్టుండే రవ్వలు మాత్రమే. 2019 ఆగస్టులో చెన్నై తీరాన కెరటాలు నీలంగా వెలిగినట్టు, ఎవరూ పడవ ఎక్కకుండానే ఒడ్డు నుంచి చూడగలిగే రాత్రులు వస్తాయి. అవి అరుదు, వాటిని ఎవరూ తేదీ వేసి అమ్మలేరు. ఆ ఫోటోను తీసివేసి, ఏమి కనిపిస్తుందో మాటల్లో రాసి పంపమని వారికి గట్టిగా చెప్పాను.

ఇంకొక సంగతి. నాక్టిల్యూకా ఎంత ఎక్కువగా ఉంటే చూసేవాళ్ళకు అంత పండుగ, కాని సముద్రానికి అది అన్నివేళలా మంచి చేయదు. అది విపరీతంగా పెరిగినప్పుడు పగలు నీరు ఎర్రబడుతుంది. అంతా ఒకేసారి చచ్చి కుళ్ళినప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గి, అమ్మోనియా పెరిగి చేపలకు హాని చేస్తుంది. మన గంజాం తీరంలోనే, ఋషికుల్య మొగకు ఎదురుగా ఇలా నీరు ఎర్రబడిన సంఘటనను పరిశీలించిన వ్యాసం 2007లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. మేము వెళ్ళిన రోజున అవి ఆ స్థాయిలో లేవు. చేయి పెట్టిన చోట వెలుగు, పెట్టని చోట చీకటి; అలా ఉండడమే మేలు.

ఋషికుల్య మాట వచ్చింది కాబట్టి తాబేళ్ళ గురించి అడిగాను. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ నెలల్లో తీరానికి చేరువగా గుమిగూడతాయి. ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర ఇరవై కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేట మీద ఒడిశా ప్రభుత్వ నిషేధం ఉంది. బాహుదా మొగ ఇసుక మీద కూడా అవి గుడ్లు పెడతాయి. ఇంజినును చాలా నెమ్మదిగా నడుపుతామని, శివరాత్రి వచ్చేసరికి ఈ రాత్రి ప్రయాణాలు మానేసి, గుడ్ల నుంచి పిల్లలు బయటికి వచ్చి సముద్రం చేరాకే మళ్ళీ ఆలోచిస్తామని పెద్దాయన చెప్పాడు. పుట్టిన పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కే సముద్రమని నమ్మి నడుస్తాయి. ఒడ్డున మనం వేసే ఒక్క దీపం వాటిని ఊరి వైపు మళ్ళిస్తుంది. ఆదాయం వచ్చే నెలల్లో పని మానుకుంటున్న ఆ నిర్ణయం కోసమే ఈ కుటుంబానికి మన ప్రోత్సాహం దక్కాలని నేను కోరుకుంటున్నాను.

ఖర్చు సంగతి. పెద్దవాళ్ళకు మనిషికి ఆరువందలు, పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మూడువందలు తీసుకున్నారు. నీరు అసలే వెలగకపోతే సగం తిరిగి ఇస్తామని ముందే చెప్పారు. గాలి ఎక్కువగా ఉంటే ప్రయాణం రద్దు చేసి మొత్తం ఇచ్చేస్తారు. మాకు ముందు రోజు రావలసినవాళ్ళకు అలాగే ఇచ్చేశారని రేవులో విన్నాను. రేవులో ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి చాటు లేదు, మరుగుదొడ్డి లేదు. మేము వారి ఇంటికే వెళ్ళవలసి వచ్చింది, ఆ ఇంటి ఆడవాళ్ళు విసుక్కోకుండా వేడినీళ్ళు కూడా ఇచ్చారు. జనవరి రాత్రి సముద్రం మీద చలి బాగా తగులుతుంది, శాలువా తప్పనిసరి. చీర కట్టుకునేవాళ్ళు కుచ్చిళ్ళు మోకాలి దాకా తడుస్తాయని తెలుసుకుని రావాలి. ఇంజిను వెనుక బల్ల మీద పొగ వాసన ఎక్కువ. ముందు వైపు చోటు అడిగి తీసుకోండి. భోజనం ముందుగా, కొద్దిగా చేసి ఎక్కితే కడుపులో తిప్పదు.

తిరిగి వచ్చేటప్పుడు పోటు నిండుగా ఉంది. మొగ దాటినట్టే తెలియలేదు. ఒడ్డున దిగి చీర కొంగు పిండుతుంటే ఆ పిండిన నీటిలో కూడా రవ్వలు రాలాయి. మా అత్తగారు పిండిన కొంగునే మళ్ళీ నీళ్ళలో ముంచి తెచ్చి, మనవరాలి అరచేతిలో పిండారు.

వెళ్ళే ముందు పెద్దాయనతో, వర్షాకాలం గడిచాక వచ్చే అమావాస్యలలో మా ఆరో తరగతి పిల్లలను విడతలు విడతలుగా తీసుకురావాలని ఉందని, కాని పిల్లల కొలత కోట్లు వచ్చేదాకా ఒక్కరిని కూడా ఎక్కించనని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. తెప్పలోంచి వల అల్లే దారం ముక్క ఒకటి తెచ్చి, "ఇటు రా తల్లీ" అని మా అమ్మాయిని పిలిచి, ఛాతీ చుట్టూ కొలిచి ఒక ముడి, భుజం నుంచి నడుము దాకా కొలిచి ఇంకొక ముడి వేసి, ఆ దారాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.